లా ఫర్మ్ నుంచి పిలుపొస్తే: అసెస్‌మెంట్ డేకి ఎలా తయారవ్వాలి

(హనుమకొండ సుబేదారిలో లా విద్యార్థుల కోసం పెట్టిన కార్యక్రమంలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. వక్త వరంగల్‌లో చదువుకుని, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక లా ఫర్మ్‌లో పనిచేస్తున్న న్యాయవాది. కొత్తవారిని ఎంపిక చేసే బృందంలో ఉన్నారు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ తమ్ముళ్ళు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ముందు కూర్చుంటే ప్రశ్నలు అడుగుతానని భయమా? వెనక కూర్చున్నా అడుగుతాను.

సరే, చేతులెత్తండి. లా ఫర్మ్‌లో చేరాలని ఎంతమందికి ఉంది? బాగానే ఉన్నారు. అక్కడ అసెస్‌మెంట్ డే అని ఒకటి పెడతారు, ఆ రోజు ఏం చేయిస్తారో తెలిసినవాళ్ళు చేతులు అలాగే ఉంచండి. చూశారా, అన్నీ దిగిపోయాయి. తప్పేం లేదు. సీనియర్ గారి ఆఫీసులో చేరడం ఎలాగో మన దగ్గర అందరికీ తెలుసు. మామయ్యకి తెలిసినాయన ఒకరుంటారు, ఆదివారం వెళ్ళి కలుస్తాం, "సోమవారం నుంచి రా" అంటారు. ఫైళ్ళు మోస్తూ, వాయిదాలు రాసుకుంటూ, ఆయన వెనకాల నిలబడి పని నేర్చుకుంటాం. అది మంచి బడే. నేను దాన్ని తక్కువ చేయడానికి రాలేదు. కాకపోతే ఫర్మ్‌లో మిమ్మల్ని ఎవరూ ముందుగా ఎరగరు. మామయ్య ఉండడు. ఒక్కరోజులో, ముక్కూ మొహం తెలియని నలుగురు మిమ్మల్ని చూసి నిర్ణయం తీసుకోవాలి. అందుకని ఈ తతంగం.

తతంగం అంటే ఏమిటి? లండన్‌లోని పెద్ద ఫర్మ్‌లలో ఇది పాత అలవాటు. అప్లికేషన్, ఆన్‌లైన్ పరీక్ష, ఆ తర్వాత ఒక రోజంతా పిలిచి రాత పని, గ్రూపు పని, ఇంటర్వ్యూ. నచ్చితే సెలవుల్లో కొన్ని వారాలు ఆఫీసులో పెట్టుకుని చూస్తారు, ఆ పైన ట్రైనింగ్ కాంట్రాక్టు, అంటే లాయరుగా అర్హత పొందే ముందు ఫర్మ్‌లో చేసే శిక్షణ ఒప్పందం. మన దేశంలో పెద్ద ఫర్మ్‌లు ఎక్కువగా నల్సార్ లాంటి జాతీయ లా యూనివర్సిటీల క్యాంపస్‌లకే నేరుగా వెళ్తాయి. ఉన్న మాట చెప్తున్నాను, దాచి లాభం లేదు. మనలాంటి యూనివర్సిటీల పిల్లలకు తలుపు ఇంటర్న్‌షిప్ వైపు నుంచి తెరుచుకుంటుంది. ఇంటర్న్‌షిప్‌లో బాగా చేసినవాళ్ళని మళ్ళీ పిలుస్తారు, ఆ రెండోసారిది అసెస్‌మెంట్ ఇంటర్న్‌షిప్. మధ్యస్థాయి ఫర్మ్‌లు, కంపెనీల లీగల్ డిపార్ట్‌మెంట్లు ఒక్కరోజు పిలిచి తేల్చేస్తాయి. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం మూడేళ్ళ కోర్సు వాళ్ళకి పన్నెండు వారాలు, ఐదేళ్ళ వాళ్ళకి ఇరవై వారాలు ఇంటర్న్‌షిప్ ఎలాగూ తప్పదు కదా? ఆ వారాలను సర్టిఫికెట్ కోసం ఖర్చుపెట్టేస్తున్నారు. ఎక్కడో ఒకచోట సంతకం పెట్టించుకుని వచ్చేస్తున్నారు. నాకు తెలియదనుకోకండి, నేనూ ఈ ఊళ్ళోనే చదివాను.

ఆ గదిలో మాలాంటి వాళ్ళం కూర్చున్నప్పుడు మా బుర్రలో ఒకే ప్రశ్న తిరుగుతుంటుంది. రేపు పొద్దున క్లయింటు కాగితం ఒకటి ఈ అమ్మాయి చేతిలో పెడితే ఏం చేస్తుంది? అంతే. సెక్షన్లు ఎన్ని వచ్చు అన్నది కాదు. సెక్షన్లు పుస్తకంలో ఉన్నాయి, పుస్తకం మా దగ్గర ఉంది. కాగితం చేతికొస్తే ఏం చేస్తుంది? ఇవాళ నేను చెప్పేదంతా ఈ ఒక్కదాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు రాత పని చూద్దాం. ఎక్కువమంది పోయేది ఇక్కడే కాబట్టి దీనికి ఎక్కువ సమయం తీసుకుంటాను. ఒక కాగితం ఇస్తారు. నేనే ఒకటి తయారుచేసి చెప్తాను, వినండి.

మీ క్లయింటు ఒక కంపెనీ. ఎనుమాముల మార్కెట్ దగ్గర గోదాము అద్దెకు తీసుకుంది. ఐదేళ్ళకు అగ్రిమెంటు. నెల నెలా అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, అన్నీ రాసుకున్నారు. ఐదేళ్ళలోపు ఓనరు ఖాళీ చేయించకూడదు అని కూడా ఉంది. వంద రూపాయల స్టాంపు పేపరు మీద టైపు చేయించి, నోటరీ ముద్ర వేయించారు. రిజిస్ట్రేషన్ చేయించలేదు. మన దగ్గర ఎన్ని అగ్రిమెంట్లు ఇలా ఉంటాయో మీకు నేను చెప్పాలా? కంపెనీ లోపల ర్యాకులు కట్టించింది, నేల చేయించింది, కెమెరాలు పెట్టించింది. ఏడాదిన్నర గడిచింది. ఇప్పుడు ఓనరు నోటీసు ఇచ్చాడు, పదిహేను రోజుల్లో ఖాళీ చేయండి అని. కంపెనీ మేనేజరు మీకు మెయిల్ పెట్టాడు: "మాకు ఐదేళ్ళ అగ్రిమెంటు ఉంది కదా, ఆయన మమ్మల్ని ఎలా పంపిస్తాడు?" జవాబు రాయండి. టైము నలభై ఐదు నిమిషాలు.

ఏం రాస్తారు? ఊఁ, అటువైపు అన్నారు ఎవరో, గట్టిగా చెప్పండి. "ఆస్తి బదలాయింపు చట్టం, 1882, సెక్షన్ 105 ప్రకారం లీజు అనగా..." అవునా? అదే, అదే. పదిమందిలో ఏడెనిమిది మంది మొదలుపెట్టేది అక్కడే. మొదటి పేజీ అంతా లీజు నిర్వచనం. రెండో పేజీలో లీజుకీ లైసెన్సుకీ తేడా. మూడో పేజీలో టైమ్ అయిపోయింది. పాపం ఆ మేనేజరు ఏమడిగాడు? నన్ను ఖాళీ చేయిస్తారా లేదా అని అడిగాడు. ఆయనకి లీజు నిర్వచనం ఎందుకమ్మా?

మొదటి వాక్యంలోనే జవాబు ఉండాలి. "అగ్రిమెంటులో ఐదేళ్ళు అని ఉన్నా, అది రిజిస్టర్ కాలేదు కాబట్టి ఆ ఐదేళ్ళ మీద మీరు ధీమాగా ఉండలేరు." ఇది మొదటి వాక్యం. ఎందుకు అన్నది రెండోది. ఏడాదికి మించిన లీజు రిజిస్టర్డ్ దస్తావేజుతోనే చేయాలని ఆస్తి బదలాయింపు చట్టం సెక్షన్ 107 చెప్తుంది. చేయకపోతే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 49 అడ్డం వస్తుంది, ఆ ఐదేళ్ళ షరతును కోర్టులో సాక్ష్యంగా చూపించుకోలేరు. అప్పుడు దాన్ని నెలవారీ అద్దెగా చూస్తారు, ఆస్తి బదలాయింపు చట్టంలోనే సెక్షన్ 106 కింద పదిహేను రోజుల నోటీసు సరిపోతుంది. పార్క్ స్ట్రీట్ ప్రాపర్టీస్ కేసులో 2016లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే దారి. ఇంతే, నాలుగు వరుసల చట్టం. ఇది మీ అందరికీ వచ్చు. రానిది ఏమీ లేదు ఇందులో.

ఇక్కడి నుంచి అసలు పని మొదలవుతుంది. బాగా రాసినవాళ్ళు ఏం చేస్తారంటే, క్లయింటు అడగనివి కూడా చూస్తారు. ఓనరు పదిహేనో రోజు వచ్చి తాళం వేసేయగలడా? వేయలేడు, కోర్టుకు వెళ్ళి డిక్రీ తెచ్చుకోవాలి. అంటే క్లయింటుకి కొంత వ్యవధి ఉంది. ఈ మాట ఆ మేనేజరుకి ఆ రాత్రి నిద్ర పట్టిస్తుంది. అద్దె నియంత్రణ చట్టం వర్తిస్తుందేమో చూశారా? అద్దె ఆపేయమని పొరపాటున కూడా చెప్పకండి, బకాయి పడితే ఓనరు చేతికి ఇంకో ఆయుధం ఇచ్చినట్టు. నోటీసులో ఒకటి రెండు రోజులు తక్కువయ్యాయి, దాని మీద కొట్టేయిద్దాం అని ఆశ పెట్టకండి. సెక్షన్ 106కి 2002లో చేసిన సవరణ తర్వాత ఆ సందు ఇరుకైపోయింది. స్టాంపు డ్యూటీ కూడా తక్కువ కట్టారు కదా, ఆ కాగితాన్ని కోర్టులో పెట్టాలంటే ముందు డ్యూటీ, జరిమానా కట్టాల్సి వస్తుందని చెప్పారా?

తేదీ చూశారా? నేను ఏడాదిన్నర అన్నాను. ఎవరైనా పట్టుకున్నారా? దస్తావేజు రాసుకున్నాక రిజిస్ట్రేషన్‌కి నాలుగు నెలల గడువు. తగిన కారణం ఉంటే జరిమానాతో ఇంకో నాలుగు నెలలు. ఏడాదిన్నర దాటాక ఆ పాత కాగితాన్ని తీసుకెళ్ళి రిజిస్టర్ చేయిద్దాం అంటే కుదరదు, కొత్తది రాసుకోవాలి. కొత్తది రాయాలంటే ఓనరు ఒప్పుకోవాలి. ఓనరు ఒప్పుకోవాలంటే ఆయనకి ఏదో ఇవ్వాలి. ఇప్పుడు చెప్పండి, ఈ జవాబు ఎటు పోతోంది? మాట్లాడుకునే వైపు పోతోంది. ర్యాకుల మీద పెట్టిన డబ్బు ఎంత, వేరే గోదాము దొరకడానికి ఎన్నాళ్ళు పడుతుంది, అద్దె కొంచెం పెంచి రిజిస్టర్డ్ లీజు అడిగితే ఓనరు ఏమంటాడు. చివర్లో నాకు ఫలానా ఫలానా కాగితాలు పంపండి అని మూడు అడగాలి. నోటీసు, అద్దె రసీదులు, అగ్రిమెంటు అసలు ప్రతి. ఒకటిన్నర పేజీ, అంతకంటే వద్దు.

ఈ తేడా గమనించండి. లీజు గురించి మూడు పేజీలు రాసినవాడు పరీక్ష రాశాడు. ఒకటిన్నర పేజీ రాసినవాడు పని చేశాడు. ఇది ఇంటి దగ్గర సాధన చేయవచ్చు, దానికి కోచింగ్ అక్కర్లేదు. మీ చుట్టాల్లో ఎవరి దగ్గరో ఒక అద్దె అగ్రిమెంటు, ఒక చిట్‌ఫండ్ కాగితం, ఒక ఫైనాన్స్ కంపెనీ లోను అగ్రిమెంటు ఉంటుంది. తీసుకోండి. అడిగేవాడు ఏమడుగుతాడో ఊహించుకుని ఒకటిన్నర పేజీ జవాబు రాయండి. మీ నాన్నకి చదివి వినిపించండి. ఆయనకి అర్థం కాకపోతే మళ్ళీ రాయండి.

ఆన్‌లైన్ పరీక్ష గురించి రెండు మాటలు. వాట్సన్ గ్లేజర్ అని ఒకటుంది, అన్ని ఫర్మ్‌లూ పెట్టవు, కొన్ని పెడతాయి. ఇందులో న్యాయశాస్త్రం ఏమీ ఉండదు. ఒక పేరా ఇస్తారు, కింద ఒక వాక్యం ఇస్తారు. పేరాను బట్టి ఆ వాక్యం నిజమా, బహుశా నిజమా, సమాచారం చాలదా, బహుశా అబద్ధమా, అబద్ధమా? తేలిగ్గా ఉంది కదా? చూద్దాం. పేరా: "ఈ ఏడాది వరంగల్ మార్కెట్‌కి మిర్చి ఎక్కువ వచ్చింది. క్వింటాలు ధర పోయిన ఏడాది కంటే తగ్గింది." వాక్యం: "ఈ ఏడాది మిర్చి రైతులు నష్టపోయారు." ఏమిటి జవాబు?

నిజం అంటున్నారు. అందరూ నిజమే అంటున్నారు. నాకు తెలుసు, మనందరి ఇళ్ళల్లో మిర్చి రైతులున్నారు, మనం ఆ నష్టం కళ్ళారా చూశాం. కానీ పేరాలో ఉందా? పెట్టుబడి ఎంతో పేరాలో లేదు. ఎకరాకి ఎన్ని క్వింటాళ్ళు పండిందో లేదు. దిగుబడి బాగా పెరిగి ఉంటే? అందుకని సమాచారం చాలదు. ఈ పరీక్షలో మీకు తెలిసిన లోకాన్ని గుమ్మం బయట వదిలి రావాలి. కష్టమే, మనకి ఇంకా కష్టం. ఆన్‌లైన్‌లో ఉచితంగా నమూనాలు దొరుకుతాయి, చేసుకోండి. దీని గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

గ్రూపు పని. బల్ల చుట్టూ ఐదారుగురిని కూర్చోబెట్టి ఒక సమస్య ఇస్తారు. ఒక కంపెనీ మూడు ఊళ్ళలో ఎక్కడ యూనిట్ పెట్టాలి, సలహా చెప్పండి అంటారు. మూలన ఇద్దరు కాగితాలు పట్టుకుని కూర్చుంటారు, మాట్లాడరు. వాళ్ళ వైపు చూడకండి. ఇక్కడ పిల్లలు రెండు రకాలుగా చెడిపోతారు. ఒకరు, ఎక్కువ మాట్లాడితే ఎక్కువ మార్కులు అనుకుంటారు. పక్కవాళ్ళు నోరు తెరవగానే అందుకుంటారు. రెండోవాళ్ళు, మన వైపు వాళ్ళు ఎక్కువ ఇలాగే, ఎదుటివాళ్ళ ఇంగ్లీషు వినగానే ముడుచుకుపోతారు. ఇరవై నిమిషాలు తల ఊపుతూ కూర్చుంటారు. చివర్లో "ఐ అగ్రీ" అంటారు. నాకు ఆ మాట వింటే బాధేస్తుంది. ఆ అమ్మాయి కాగితం మీద ఎంత మంచి పాయింటు రాసుకుందో నాకు కనిపిస్తూనే ఉంటుంది, కానీ కాగితం మీది దానికి నేను మార్కు వేయలేను.

పదిమందిలో పాము చావదు అంటారు చూడండి, గ్రూపులో అచ్చం అదే జరుగుతుంది. అందరూ తెలివైనవాళ్ళే, అందరూ మాట్లాడతారు, ఎటూ తేలదు. అక్కడ "మనకి ఇంకా పన్నెండు నిమిషాలుంది, మూడో ఊరి సంగతి అసలు ముట్టుకోలేదు" అన్న పిల్ల ఎవరో నేను రాసుకుంటాను. "ఇందాక ఆయన కరెంటు గురించి అన్నది మనం వదిలేశాం, దాన్ని తేల్చి ముందుకెళ్దాం" అన్న పిల్లవాడిని రాసుకుంటాను. వీటికి పెద్ద ఇంగ్లీషు కావాలా? పొట్టి వాక్యాలు చాలు. మొదటి ఐదు నిమిషాల్లో ఒక్కసారి నోరు విప్పండి, చిన్న మాటైనా సరే. ఎంత ఆలస్యం చేస్తే అంత బరువైపోతుంది ఆ మొదటి మాట. ఇంకోటి, మీ అభిప్రాయం తప్పని తేలితే మార్చుకోండి, మార్చుకున్నానని పైకి చెప్పండి. ఆఫీసులో రోజూ చేసేది అదే.

బేరం ఆట కూడా ఒకటి ఉంటుంది, అమ్మేవాళ్ళు ఒక వైపు, కొనేవాళ్ళు ఒక వైపు, ఎవరి రహస్య కాగితం వాళ్ళకి. ఇది మనకి ఎవరూ నేర్పక్కర్లేదు, చౌరస్తాలో చీర కొనే మన అమ్మలను చూస్తూ పెరిగినవాళ్ళం. ఎంత వరకు దిగొచ్చో ముందే రాసుకోండి, ఊరికే దిగకండి, దిగినప్పుడల్లా ఏదో ఒకటి అడగండి.

ఇంటర్వ్యూ. మీ సీవీలో రాసిన ప్రతి మాటకీ లెక్క చెప్పాలి. "జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఇంటర్న్‌షిప్, లోక్ అదాలత్ చూశాను" అని రాస్తారు. మంచిది. ఏం చూశావు తల్లీ అంటే, "కేసులు రాజీ అయ్యాయి మేడం." అంతేనా? మోటారు ప్రమాదం కేసులో ఇన్సూరెన్స్ కంపెనీ ఆఫీసరు మొదట ఎంత చెప్పాడు? బాధితుడి తరఫు లాయరు ఎక్కడ పట్టుబట్టాడు? చనిపోయినాయన జీతానికి కాగితం లేనప్పుడు సంపాదన ఎంతని లెక్కేశారు? వయసును బట్టి గుణకం, అంటే ఏడాది సంపాదనని ఎన్నింతలు చేయాలన్న అంకె, ఎంత వేసుకున్నారు? ఆ ముసలమ్మ ఎందుకు ఒప్పుకుంది, అప్పీలు వరకు ఆగలేక ఒప్పుకుందా? ఆ బల్ల దగ్గర నిలబడి ఇవన్నీ చూసి ఉంటే, పెద్ద పెద్ద కంపెనీల సెటిల్‌మెంట్ ఎలా జరుగుతుందో మీకు సగం తెలిసినట్టే. ఢిల్లీలో ఫర్మ్ ఇంటర్న్‌షిప్ చేసి ఫోటోకాపీలు తీసినవాడి కంటే మీ దగ్గర చెప్పడానికి ఎక్కువ ఉంది. కానీ చూడాలి, చూసింది ఆ సాయంత్రమే రాసుకోవాలి.

"కమర్షియల్ అవేర్‌నెస్" అని ఒకటి అడుగుతారు, అందరూ హడలిపోతారు. బిజినెస్ పేపరు మొత్తం బట్టీ పట్టక్కర్లేదు. ఒక్క విషయం పట్టుకోండి, లోతుగా. మన పక్కనే కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు ఉంది, గీసుగొండ, సంగెం మండలాల్లో. 2017 అక్టోబరులో శంకుస్థాపన అయింది. కేరళ నుంచి కైటెక్స్ వచ్చింది, కొరియా నుంచి యంగ్‌వన్ వచ్చింది. అక్కడ లాయరుకి పనేమిటి? ఆలోచించండి. భూమి ఎవరిది, ఎలా తీసుకున్నారు, 2013 భూసేకరణ చట్టం ఏం చెప్తుంది. కంపెనీకి భూమి ఏ షరతుల మీద ఇచ్చారు, ఆ భూమి తాకట్టు పెట్టుకుని బ్యాంకు అప్పిస్తుందా. విదేశీ బ్రాండు ఆర్డరు రద్దు చేసుకుంటే నష్టం ఎవరిది, గొడవ ఏ దేశంలో తేలుతుంది. కుట్టుపనికి వచ్చే ఆడపిల్లల రాత్రి షిఫ్టులు, బస్సులు, పీఎఫ్. ఇరవై తొమ్మిది కార్మిక చట్టాల స్థానంలో వచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి, ఆ కంపెనీ హెచ్‌ఆర్ వాళ్ళు ఇప్పుడు లాయర్‌కి ఫోన్ చేసి ఏమడుగుతారు? ఇవి చెప్పగలిగితే అది కమర్షియల్ అవేర్‌నెస్. సింగరేణి మీద చేసుకోండి, భూపాలపల్లి నుంచి వచ్చినవాళ్ళున్నారు కదా. కాజీపేట కోచ్ ఫ్యాక్టరీ మీద చేసుకోండి.

"మా ఫర్మే ఎందుకు?" అంటే, మీది పేరున్న ఫర్మ్ అనకండి. అది మాకు తెలుసు. వాళ్ళ వెబ్‌సైట్‌లో ఈ మధ్య చేసిన పని ఒకటి చదివి, అందులో మీకు అర్థం కానిది ఒకటి అడగండి. తెలియని ప్రశ్న వస్తే? "ఇది నాకు తెలియదు, నేనైతే ముందు ఫలానా చట్టంలో ఫలానా అధ్యాయం చూస్తాను" అనండి. మేము ఆఫీసులో రోజూ చేసేది అంతకంటే ఎక్కువేం కాదు. పాత పేర్లు చెప్పి దొరికిపోకండి, ఐపీసీ అని ఇంకా అంటున్నారు కొందరు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత నడుస్తోంది.

ఇంగ్లీషు గురించి అడుగుతారని తెలుసు, ఇందాకే ఒక చీటీ వచ్చింది, "తెలుగు మీడియం వాళ్ళకి అవకాశం ఉందా మేడం" అని. అబద్ధం చెప్పను, ఫర్మ్‌లో పని అంతా ఇంగ్లీషులోనే. రాయడం రావాలి. యాస గురించి మాత్రం దిగులు వద్దు. యాస ఎవరూ చూడరు, వాక్యం పూర్తయిందా లేదా చూస్తారు. రోజూ హైకోర్టు తీర్పు ఒకటి తీసుకుని, అందులో జరిగిందేమిటో పది ఇంగ్లీషు వాక్యాల్లో రాయండి, అదే పైకి చదవండి. హాస్టల్లో పక్కవాడు నవ్వుతాడు, నవ్వనివ్వండి.

ఆ రోజు సంగతి. నల్లకోటు, బ్యాండు వేసుకుని రాకండి, అది కోర్టుకి. ఇస్త్రీ చొక్కా, మామూలు ఫార్మల్స్ చాలు. అమ్మాయిలు చీరైనా, డ్రెస్సయినా, మీకు అలవాటైనది. ముందురోజు సాయంత్రమే వెళ్ళిపోండి, తెల్లవారుజామున బండెక్కి తొమ్మిదింటికి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉంటానంటే ఆ టెన్షన్‌తోనే సగం శక్తి పోతుంది. బస్సయితే ఉప్పల్‌లో దిగి మెట్రో ఎక్కండి, నేరుగా రాయదుర్గం. మధ్యాహ్నం భోజనానికి జూనియర్ అసోసియేట్లతో కూర్చోబెడతారు. అది విరామమే కానీ, అక్కడ పక్క క్యాండిడేట్ గురించి చాడీలు చెప్తే సాయంత్రానికి మా దాకా వస్తుంది. వాళ్ళని పని గంటలెన్ని, ఆదివారాలు ఉంటాయా అని అడగండి, నిజం చెప్తారు. మీరూ వాళ్ళని పరీక్షించుకోవాలి కదా.

ఏమ్మా, చెప్పు. "ఎంపిక కాకపోతే ఎందుకు కాలేదో అడగొచ్చా?" అడగొచ్చు. మర్యాదగా రెండు వాక్యాల మెయిల్ పెట్టు. కొందరు జవాబివ్వరు. ఇచ్చినవాళ్ళు చెప్పింది దాచుకో, ఆర్నెల్ల తర్వాత వేరే చోటికి వెళ్ళేటప్పుడు తీసి చూడు. లండన్ గురించి ఎవరో అడిగారు. అక్కడ సొలిసిటర్ అవ్వడానికి, అంటే ఫర్మ్‌లో లాయరుగా పనిచేయడానికి, 2021 నుంచి ఎస్‌క్యూఈ అనే పరీక్ష వచ్చింది, దానితోపాటు రెండేళ్ళ పని అనుభవం చూపించాలి. ఆ దారి ఖర్చుతో కూడుకున్నది, అది విడిగా మాట్లాడుకుందాం, ఆఖర్న ఉండండి.

మాటలు చాలు. ప్రిన్సిపాల్ గారు ఇంకో గంట హాలు ఇచ్చారు. ఇప్పుడు మీ చేతికి రెండు పేజీల కాగితం ఒకటి వస్తుంది, కోల్డ్ స్టోరేజీలో పెట్టిన మిర్చి తడిసిపోయిన కేసు. రసీదు వెనకాల చిన్న అక్షరాల్లో షరతులున్నాయి, అవి చదవకుండా మొదలుపెట్టకండి. క్లయింటు రైతు, కంపెనీ కాదు. నలభై ఐదు నిమిషాలు, ఒకటిన్నర పేజీ. ఫోన్లు లోపల పెట్టేయండి. వెనక వరుసకి కాగితాలు అందాయా?